ఫోనూ ఇంట్లోనే, లైటూ ఇంట్లోనే... మధ్యలో ముంబయి ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా రాశాను.

ప్రశ్న: మాది హనుమకొండ, సుబేదారి. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. దసరాకు వచ్చినప్పుడు హాల్లో, పడకగదిలో స్మార్ట్ బల్బులు పెట్టి, ఫోన్‌తో ఎలా వెలిగించాలో, ఎలా ఆర్పాలో నేర్పి వెళ్లాడు. గోడ మీది స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలని దాని మీద టేపు కూడా అంటించాడు. మొన్న వానకు నెట్ పోయింది. కరెంటు ఉంది. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగానే ఉంది. రాత్రి పదకొండింటికి లైటు ఆర్పుదామని చూస్తే ‘డివైస్ ఆఫ్‌లైన్’ అంటోంది. చివరికి టేపు పీకి, స్విచ్ నొక్కి పడుకున్నాను. ఫోను నా చేతిలో ఉంది, బల్బు నా నెత్తి మీద ఉంది. మధ్యలో నెట్‌తో ఏం పని? నాకు చేతకాక అడుగుతున్నానేమో తెలియదు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చేతకాక అడిగే ప్రశ్న కాదమ్మా ఇది. సరిగ్గా ఇదే ప్రశ్న ముప్ఫై ఏళ్ల కింద గిర్మాజీపేటలో ఒక బట్టల వ్యాపారి నన్ను అడిగారు. అప్పుడు నేను వరంగల్‌లో టెలిఫోన్ టెక్నీషియన్‌ని. రోడ్డు తవ్వుతూ ఎవరో కేబుల్ తెంపేశారు, ఆ బజారులో ఫోన్లన్నీ మూగబోయాయి. ఆయన కొట్టు, వాళ్ల అన్న కొట్టు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. “సార్, మా అన్న గోడవతలే కూసుంటడు. గట్టిగ పిలిస్తే ఇనపడ్తది. ఫోనుల మాట్లాడాలంటే మాత్రం ఎక్స్చేంజి దాకా ఎందుకు పోవాలె?” అన్నారు. బయట గోడకున్న డబ్బా తెరిచి చూపించాను. ఆయన ఫోను నుంచి రెండు తీగలు, వాళ్లన్న ఫోను నుంచి రెండు తీగలు. నాలుగూ ఒకే లావు కేబుల్‌లో కలిసి ఎక్స్చేంజికే పోతాయి. ఈ కొట్టుకూ ఆ కొట్టుకూ మధ్య నేరుగా తీగ లేదు. ఇద్దరి మాటా ఎక్స్చేంజిలోనే కలవాలి. అక్కడికి దారి తెగితే గోడవతలి మనిషి కూడా అందడు.

మీ బల్బు సంగతీ అంతే. బల్బులో గోరంత చిప్ ఒకటి ఉంటుంది. మొదటి రోజు సెట్టింగ్ చేసినప్పుడు మీ అబ్బాయి దానికి నేర్పినవి రెండే: మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్, అది ఎవరి ఖాతాలోని బల్బు అన్న సంగతి. కరెంటు రాగానే అది రూటర్‌ను (ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బాను) పట్టుకుని, రూటర్ మీదుగా కంపెనీ వాళ్ల సర్వర్‌కు, అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే వాళ్ల పెద్ద కంప్యూటర్‌కు, లైన్ కలుపుకుంటుంది. ఆ లైన్ పెట్టేయకుండా అలాగే పట్టుకుని కూర్చుంటుంది. మీ ఫోన్‌లోని యాప్‌కు కూడా ఆ సర్వర్ చిరునామాయే తెలుసు, మీ హాల్లో బల్బు ఎక్కడుందో తెలియదు. మీరు ‘ఆఫ్’ నొక్కితే ఆ మాట రూటర్ దాటి, ఫైబర్ వెంట నెట్ కంపెనీకి, అక్కడి నుంచి సర్వర్‌కు పోతుంది. సర్వర్ మీ ఖాతా చూసి, మీ బల్బు పట్టుకుని ఉన్న లైన్‌లో ‘ఆరిపో’ అని చెబుతుంది. ఆ మాట మళ్లీ అదే ఫైబర్ వెంట మీ ఇంటికొచ్చి మీ నెత్తి మీది బల్బుకు చేరుతుంది. సర్వర్లుండే ఆ డేటా సెంటర్‌నే క్లౌడ్ అంటున్నారు. పేరుకు మబ్బు గానీ, అదీ నేల మీదే ఉంది. ఏసీలు, జనరేటర్లు, కాపలా ఉన్న పెద్ద భవనం.

మా ఇంట్లోనూ ఇలాంటివి రెండున్నాయి. ఒకటి హాల్లో బల్బు, ఇంకొకటి దేవుడి గదిలో సీరియల్ లైట్లకు పెట్టిన ప్లగ్. రెండూ వేర్వేరు కంపెనీలవి. మీ ఉత్తరం చదివాక ఆదివారం పొద్దున రూటర్ వెనకున్న పసుపు పచ్చ ఫైబర్ తీగను మెల్లగా తీసి పక్కన పెట్టాను. రూటర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. ఫోన్‌లో వైఫై గీతలు మాత్రం చెక్కు చెదరలేదు. ఎందుకంటే ఆ గీతలు మీ ఫోనుకూ రూటర్‌కూ మధ్య సిగ్నల్‌ను చూపిస్తాయే తప్ప, రూటర్ అవతల నెట్ ఉందో లేదో చెప్పవు. అరనిమిషం ఆగి నొక్కితే బల్బు పలకలేదు. దేవుడి గదిలో ప్లగ్ మాత్రం టక్కున వెలిగింది. రెండింటి ధరలో పెద్ద తేడా లేదు, వాడే వైఫై ఒకటే. తేడా అల్లా ప్లగ్ తయారు చేసినవాళ్లు ఇంట్లో నుంచి ఇంట్లోకి కూడా ఒక దారి పెట్టారు, బల్బు తయారు చేసినవాళ్లు పెట్టలేదు.

మళ్లీ నెట్ కలిపాక రూటర్ పేజీలో (బ్రౌజర్‌లో తెరిచే దాని సెట్టింగుల పేజీలో) చూశాను, నా బల్బు ఎవరితో లైన్ పట్టుకుని ఉందా అని. ఆ చిరునామా ముంబయిలోని డేటా సెంటర్‌ది. హనుమకొండ నుంచి ముంబయి కాకి లెక్కన ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి పోను, రాను ప్రయాణమంతా రెప్పపాటులో అయిపోతుంది. నెట్ ఉన్నంతకాలం మన లైటు ముంబయి అనుమతితో వెలుగుతోందని మనకు తెలియదు. తెగిన రోజే తెలుస్తుంది.

ఇదంతా కంపెనీల కుట్ర అనుకోవద్దు. దీని వెనక నిజమైన ఇబ్బంది ఒకటుంది, అది చిరునామాల కరువు. ఇంటర్నెట్‌లో మాట్లాడే ప్రతి యంత్రానికీ ఐపీ చిరునామా కావాలి. మొదట పెట్టుకున్న పద్ధతిలో మొత్తం చిరునామాలు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకే చాలా నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే చిరునామా వెనక పెడుతున్నాయి. వెనకట ఊళ్లో చాలామందికి ఉత్తరాలు ‘కేరాఫ్ ఫలానా కిరాణా కొట్టు’ అని వచ్చేవి గుర్తుందా? పోస్టుమ్యాన్‌కు కొట్టే తెలుసు. మీరు ఉత్తరం రాసి పంపి ఉంటే, దాని జవాబు వచ్చినప్పుడు కొట్టాయన గుర్తుపట్టి మీకు ఇస్తాడు. మీరు రాయని ఉత్తరం, పేరు లేకుండా బయటి నుంచి వస్తే, అది ఎవరిదో ఆయనకెలా తెలుస్తుంది? పక్కన పడేస్తాడు. నెట్ కంపెనీ దగ్గరా, మీ రూటర్ దగ్గరా జరిగేది ఇదే. లోపలి నుంచి బయటికి పోయిన మాటకు జవాబు వస్తుంది. బయటి నుంచి పిలవకుండా వచ్చిన మాట గడప దాటదు.

మీ రూటర్ ఎలా ఉందో చూడాలంటే, దాని పేజీలో ‘వాన్ ఐపీ’ (WAN IP, అంటే రూటర్‌కు బయటి వైపున్న చిరునామా) అన్న చోట ఉన్న అంకెలు చూడండి. అవి 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవాటిలో దేనితోనైనా మొదలైతే మీది కేరాఫ్ చిరునామాయే.

ఇప్పుడు మీ అబ్బాయి వైపు నుంచి ఆలోచించండి. బెంగళూరులో ఆఫీసులో కూర్చుని మీ హాల్లో లైటు వెలిగించాలి. మీ ఇంటికి బయటి నుంచి దారి లేదు. ఆయన ఫోనుకూ స్థిరమైన చిరునామా లేదు, ఆఫీసు వైఫైలో ఒకటి, బస్సెక్కితే ఇంకొకటి. ఇద్దరికీ అందుబాటులో, ఎప్పుడూ ఒకే చోట ఉండే మూడో మనిషి కావాలి. బల్బు లోపలి నుంచి తానే ఆ మూడో మనిషికి లైన్ కలిపి, కొద్ది కొద్దిసేపటికి ‘ఉన్నాను, ఉన్నాను’ అని చిన్న మాట పంపుతూ తలుపు మూసుకుపోకుండా చూసుకుంటుంది. ఇలాంటి చాలా పరికరాలు వాడే భాష పేరు ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు చమురు పైపులైన్ల మీద నిఘా కోసం తయారు చేశారు. ఎడారిలో పైపు పక్కనున్న మీటరు ఖరీదైన ఉపగ్రహ లైన్ మీద నాలుగే నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాలి, అందుకని అంత పొదుపుగా చేశారు. ఆ పొదుపే ఇప్పుడు చిన్న చిప్ ఉన్న బల్బుకు పనికొచ్చింది.

రూటర్‌లోనే బయటికి ఒక తలుపు తెరిచి పెడితే సరిపోదా అని కొందరు కుర్రాళ్లు అడుగుతారు. తెరవొచ్చు, కొన్ని ఇళ్లలో తెరిచారు కూడా. 2016లో మిరాయ్ అనే వైరస్ అలా తెరిచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను లక్షల్లో పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటివాటితో ఒకేసారి దాడి చేయిస్తే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లే గంటల తరబడి అందలేదు. ఇంటి తలుపు తెరిచి పెట్టడం కన్నా, లోపలి నుంచి ఒక్క సర్వర్‌కు మాత్రమే లైన్ కలపడం మామూలు ఇంటికి క్షేమం. ఈ విషయంలో క్లౌడ్ పక్షానే నేను మాట్లాడతాను.

నాకు ఒప్పనిది ఇంకొకటి. బయటున్న కొడుకు కోసం వేసిన దారినే, ఇంట్లో ఉన్న తల్లికి కూడా ఒకే ఒక్క దారి చేయడం. ఒకే యాప్, ఒకే పద్ధతి అయితే కంపెనీకి పని తక్కువ. పైగా ప్రతి ఆన్, ప్రతి ఆఫ్ వాళ్ల లెక్కలో పడుతుంది, రేపు నెలవారీ చందా అడగడానికీ వీలవుతుంది. దీనివల్ల వస్తువు ఆయుష్షు సర్వర్ ఆయుష్షుతో ముడిపడిపోతుంది. రివాల్వ్ అనే అమెరికా కంపెనీ మూడు వందల డాలర్లకు ఒక హబ్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను కలిపి నడిపే డబ్బా) అమ్మింది. గూగుల్ చేతిలోని నెస్ట్ దాన్ని కొన్నది, 2016 మే నెలలో సర్వర్ ఆపేసింది. డబ్బాలో ఒక్క తీగ కాలలేదు, అయినా ఆ రోజు నుంచి అది పనికిరాని డబ్బా. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి. బెల్కిన్ కంపెనీ తన వీమో పరికరాల్లో చాలావాటికి 2026 జనవరి 31తో క్లౌడ్ ఆపేస్తున్నామని 2025లో ప్రకటించింది. ఆ ప్రకటనలో ఒక్క మాట గమనించండి: అంతకుముందే ఆపిల్ హోమ్‌కిట్‌లో (ఆపిల్ ఫోన్‌తో ఇంటి పరికరాలు నడిపే పద్ధతిలో) కలిపి పెట్టుకున్నవి ఆ తర్వాత కూడా పనిచేస్తాయన్నారు. ఎందుకంటే హోమ్‌కిట్‌కు ఇంట్లో నుంచి ఇంట్లోకే దారి ఉంది.

నా ఉద్యోగంలో చూసిన ఇంకో సంగతి చెబుతాను. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి మిల్లులో ఇంటర్‌కమ్ పెట్టాం. ఆఫీసు గదిలో బీరువా పక్కన చిన్న డబ్బా, దాని నుంచి గోదాముకు, కాంటా దగ్గరికి, గేటుకు తీగలు. ఎక్స్చేంజి లైన్ తెగిన రోజు మిల్లు యజమాని బొంబాయికి మాట్లాడలేకపోయారు. కానీ గోదాములో హమాలీ మేస్త్రీకి “ఆ లారీ లోపలికి పంపు” అని మామూలుగానే చెప్పారు. బయటి మాటకు ఎక్స్చేంజి, లోపలి మాటకు డబ్బా. ఇంటికి కూడా కావాల్సింది ఇదే.

అలాంటి లోపలి దారి ఇప్పుడు దొరుకుతోంది. 2022 అక్టోబర్‌లో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. ఆపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అందరూ అందులో ఉన్నారు. ఆ గుర్తున్న బల్బుకు ఇంటి లోపలే మాట చేరే దారి తప్పనిసరిగా ఉండాలి. ఇంకా ఓపిక, ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఉంటే ఇంటి పరికరాలను ఇంట్లో నుంచే నడిపే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2013 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. పాత కంప్యూటర్‌లోనో, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనో నడుస్తుంది. మీ బల్బు ఏ రకమో తెలుసుకోవడానికి మాత్రం ఏ డబ్బా మీది బొమ్మనూ నమ్మకండి. కొన్న రోజునే ఫైబర్ తీగ తీసి నొక్కి చూడండి, పలకకపోతే తిరిగి ఇచ్చే గడువు లోపలే ఇచ్చేయండి.

ఒక్క మాట మీ అబ్బాయికి నా తరఫున చెప్పండి. బల్బుకు బదులు, స్విచ్ బోర్డు వెనక పెట్టే చిన్న మాడ్యూల్ దొరుకుతుంది. అది పెడితే పాత స్విచ్ పాత పద్ధతిలోనే పనిచేస్తుంది, ఫోన్‌తోనూ పనిచేస్తుంది, టేపు అక్కర్లేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి, బోర్డులోకి న్యూట్రల్ తీగ రావాలి, పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు. గీజర్‌కు మాత్రం మామూలు స్మార్ట్ ప్లగ్ పెట్టొద్దు. రెండు కిలోవాట్ల గీజర్ తొమ్మిది యాంపియర్ల దాకా లాగుతుంది. దానికి 16 యాంపియర్లదే కావాలి.

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. పత్తి, వరి, కొంచెం మిర్చి. బావికాడ మొబైల్ స్టార్టర్ ఉంది. ఇంటి నుంచి దానికి ఫోన్ చేసి 1 నొక్కితే మోటర్ నడుస్తది, 2 నొక్కితే ఆగుతది. ఇప్పుడు షాపాయన యాప్‌తో నడిచే కొత్తది చూపిస్తున్నడు, ఓల్టేజీ, యాంప్స్ అన్నీ ఫోన్ల కనబడతయట, ఏడాదికోసారి డబ్బు కట్టాలట. మార్చుమంటరా?
– ఒక రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ పాత స్టార్టర్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే పై జవాబంతా దేని గురించి రాశానో అది మీ బావికాడ ఎప్పటి నుంచో ఉంది. మీ స్టార్టర్‌లో సిమ్ ఉంది, సిమ్‌కు నంబరు ఉంది. అంటే దానికి సొంత చిరునామా ఉన్నట్టే, కేరాఫ్ లేదు. మీరు నేరుగా పిలుస్తారు, అది పలుకుతుంది. మధ్యలో టవర్ తప్ప ఏ కంపెనీ సర్వరూ లేదు. తయారు చేసిన కంపెనీ మూతపడినా మీ మోటర్ నడుస్తుంది. మా చిన్నాయన అర్ధరాత్రి టార్చి పట్టుకుని, పాములకు భయపడుతూ, తడి గట్ల మీద మోటర్ పెట్టడానికి పోయిన రోజులు నాకు తెలుసు. ఆ నడక తప్పించిన వస్తువు అది. దాన్ని తక్కువ చేసి చూడొద్దు.

దానికీ ఒక చిక్కుంది. లోపలి మోడెమ్ 2జీది అయితే, మీ సిమ్ కంపెనీ ఆ ఊళ్లో 2జీ నడిపినంత కాలమే పనిచేస్తుంది. జియోకు 2జీ అసలు లేదు. కాబట్టి పాతది పాడై మార్చాల్సి వస్తే 4జీ మోడెమ్ ఉన్నదే అడగండి.

యాప్‌ది మంచిదే కావచ్చు. యాంప్స్ చూడటం వల్ల లాభం ఉంది, బోరులో నీళ్లు తగ్గితే యాంప్స్ పడిపోతాయి, ఇంట్లో కూర్చునే పసిగట్టొచ్చు. ఎన్ని గంటలు నడిచిందో లెక్క ఉంటుంది. ఆ లెక్క దాచడానికి సర్వర్ కావాలి, ఏడాది డబ్బు దానికే. అయితే షాపాయన్ను మూడు సంగతులు అడిగి, మీ కళ్ల ముందు చేసి చూపించమనండి. ఏడాది డబ్బు కట్టకపోతే ఫోన్ కాల్‌తోనో, మెసేజ్‌తోనో మోటర్ నడుస్తుందా? స్టార్టర్ మీద చేత్తో నొక్కే పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, ఒక ఫేజు పోయినప్పుడు, నీళ్లు లేక మోటర్ ఉత్తగా తిరుగుతున్నప్పుడు ఆపేది ఎవరు, స్టార్టరా, సర్వరా?

ఈ మూడోది తప్పితే నష్టం మామూలుగా ఉండదు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండు తీగల మీద భారమంతా పడి కరెంటు పెరుగుతుంది, కాసేపట్లో వైండింగ్ మాడిపోతుంది. సిగ్నల్ అందుకుని, సర్వర్‌ను అడిగి, జవాబు వచ్చేదాకా మోటర్ ఆగదు. ఆ నిర్ణయం బావికాడున్న డబ్బాలోనే జరగాలి. సిమ్ తీసేసి, మెకానిక్‌తో ఒక ఫేజు ఫ్యూజు తీయించి చూడమనండి. తనంతట తానే మోటర్ ఆగితేనే కొనండి. ఆ పని మీరు మాత్రం చేయొద్దు, మెకానిక్కే చేయాలి. ఇప్పుడున్నది బాగా నడుస్తుంటే ఈ ఏడు మార్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటాను, అమ్మానాన్నలు కాజీపేటలో. వాళ్ల కోసం హాల్లో, గేటు దగ్గర కెమెరాలు పెట్టించాను. రోజూ రాత్రి వాళ్లను చూస్తేనే నాకు నిద్ర పడుతుంది. కానీ ఆ వీడియో అంతా కంపెనీ దగ్గర ఉంటుందేమోనని టెన్షన్.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అమ్మా, కెమెరాలో రెండు వేర్వేరు సంగతులున్నాయి, చూడటం ఒకటి, దాచడం ఒకటి. చూసేటప్పుడు సర్వర్ ముందు పెళ్లిళ్ల పేరయ్యలాగా పనిచేస్తుంది. మీ ఫోనుకు కెమెరా ఎక్కడుందో, కెమెరాకు మీ ఫోను ఎక్కడుందో చెప్పి ఇద్దరినీ ఒకేసారి తలుపు తీయమంటుంది. కుదిరితే అక్కడి నుంచి వీడియో నేరుగా మీకే వస్తుంది. రెండు వైపులా కేరాఫ్ చిరునామాలైతే చాలాసార్లు కుదరదు, అప్పుడు వీడియో మొత్తం వాళ్ల సర్వర్ మీదుగానే నడుస్తుంది.

దాచడం మాత్రం మీ చేతిలో ఉంది. కెమెరాలో మెమొరీ కార్డు పెట్టి, క్లౌడ్ రికార్డింగ్ ప్లాన్ తీసుకోకపోతే రికార్డింగు కాజీపేటలోనే ఉంటుంది. దొంగ కెమెరానే ఎత్తుకుపోతే కార్డూ పోతుంది కాబట్టి గేటు కెమెరాకు క్లౌడ్ ప్లాన్, హాల్ కెమెరాకు కార్డు మాత్రమే పెట్టమని నా సలహా. ఇరవై నాలుగు గంటలూ క్లౌడ్‌కు పంపితే సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున లెక్కేసినా రోజుకు దాదాపు 11 జీబీ అవుతుంది, మీ నాన్నగారి నెట్ ప్లాన్ ఒకసారి చూసుకోండి. కొత్త కెమెరా కొంటే, 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు, ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడిగి కొనండి. పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ అడిగేలా సెట్టింగ్ పెట్టుకోండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెబుతున్నాను. హాల్లో కెమెరా ఎటు చూస్తోందో అమ్మగారిని అడిగి, ఆమెకు నచ్చిన వైపు తిప్పించండి. మా వీధిలో ఒక పెద్దావిడ కొడుకు పెట్టిన కెమెరా మీద మధ్యాహ్నం పూట చేతి రుమాలు కప్పి, కాసేపు నడుము వాల్చి, లేచాక తీస్తుంది. కొడుకు దిగులు ఆమెకు తెలుసు, అందుకే తీసేయమని అడగదు.

ప్రశ్న: ఐపీ వెర్షన్ 6 వస్తే ప్రతి బల్బుకూ సొంత చిరునామా ఉంటుంది కదా సార్, అప్పుడు క్లౌడ్ అక్కర్లేదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, ఆ కొత్త చిరునామాల పద్ధతితో కరువు తీరుతుంది, మన దేశంలో చాలా ఫోన్లు ఇప్పటికే దాని మీదే నడుస్తున్నాయి. కానీ మంచి రూటర్ అప్పుడు కూడా బయటి నుంచి పిలవకుండా వచ్చిన మాటను ఆపేస్తుంది, ఆపాలి కూడా. అదీకాక గేటు దగ్గర మనిషి కనిపించాడని నీ ఫోను మోగాలంటే ఆ నోటిఫికేషన్ గూగుల్, ఆపిల్ సర్వర్ల మీదుగానే రావాలి, ఫోనును నిద్ర లేపే దారి వాళ్లదే. బయటి నుంచి ఇంటికి రావడానికి ఏదో ఒక మధ్యవర్తి మిగులుతాడు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్‌తో (బయటి నుంచి ఇంటి నెట్‌కు సొంతంగా వేసుకునే తాళమున్న దారితో) ఆ మధ్యవర్తిని నువ్వే నడుపుకోవచ్చు, సెలవుల్లో మీ ఇంట్లో చేసి చూడు. చేశాక ఎలా వచ్చిందో నాకు రాయి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అర్ధరాత్రి బల్బులన్నీ వెలుగుతున్నాయి. పిల్లలు లేచి కూర్చుంటున్నారు.
– గోదావరిఖని

జవాబు: యాప్‌లో ఆ బల్బు సెట్టింగ్స్ తెరవండి, కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలో అడిగే చోట ‘పాత స్థితి’ అని ఎంచుకోండి. రూటర్‌ను ఇన్వర్టర్ లైన్‌లో పెట్టించండి, ఏదైనా బల్బు వెలిగినా వెంటనే ఫోన్‌తో ఆర్పొచ్చు.

ప్రశ్న: ముందు తలుపుకు ఫోన్‌తో తెరుచుకునే స్మార్ట్ తాళం పెట్టించుకోవచ్చా? ఇంట్లో నేనూ, మా అత్తమ్మా ఉంటాం.
– జమ్మికుంట

జవాబు: పెట్టించుకోండి. నంబర్లు నొక్కే మీటలు, మామూలు తాళం చెవి పట్టే రంధ్రం రెండూ ఉన్నదైతేనే. లోపలి నుంచి ఏ నెట్, ఏ బ్యాటరీ లేకుండా చేత్తో తిప్పితే తెరుచుకోవాలి. కొనేముందు అత్తమ్మగారిని షాపుకు తీసుకెళ్లి ఆమె చేత తిప్పించి చూడండి, వేళ్లకు బలం చాలుతుందో లేదో తెలుస్తుంది. చెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచండి.